గీతకు లోపల మట్టి, బయట కళ్లు

మట్టిని చదవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. నేలలోకి తిప్పి దించే ఒక బర్మా, ఒక పార, ఒక నీళ్ల సీసా, ఒక రంగుల పుస్తకం, రెండు కళ్లు ఉంటే చాలు. మన మట్టమ్మకు మొదటి నాలుగూ భేషుగ్గానే ఉన్నాయి. కళ్ల దగ్గరే వచ్చింది తంటా. వాటి మీద ఆమె మొగుడు తేనె రంగు అద్దాలు తగిలించాడు.

మట్టమ్మ అనేది గని జనం పెట్టిన పేరు. మొదట్లో చాటుగా అనేవారు, తరవాత ఎదురుగానే అన్నారు, ఇప్పుడు ఆవిడే ఫోనెత్తి "మట్టమ్మనండీ, చెప్పండి" అంటోంది. తొమ్మిదేళ్లపాటు గని ప్రయోగశాలలో, కిటికీ లేని గదిలో, ఎవరో తెచ్చిన మట్టిని జల్లెడ పట్టి తూచే పని ఆమెది. ఆ మట్టి ఎక్కడిదో సంచి మీది నంబరు చూసి తెలుసుకోవాల్సిందే గాని, వెళ్లి చూసే భాగ్యం లేదు. పాత సర్వేయరు మోకాళ్లు అరిగి పని మానేశాక, కొత్తవాడు ఎంతకీ దొరక్క, మేనేజరు ఆమెను పిలిచి "నువ్వు చేయగలవా?" అన్నాడు. ఆయన ప్రశ్న పూర్తికాకముందే ఆమె చేస్తానంది.

పని ఇదీ. గనికి కొత్త గొయ్యి తెరవాలి. తెరిచేముందు ఆ నేల మీది పైమట్టిని ఒలిచి, ఓ పక్కన కుప్పపోసి దాచాలి. పదిహేనేళ్లకు గొయ్యి పూడ్చినప్పుడు ఆ మట్టినే మళ్లీ పరచాలి. అది పాడైతే మిగిలేది రాయీ రప్పా, దానిమీద గడ్డిపోచ కూడా మొలవదు. ఎక్కడ ఎంత లోతు ఒలవాలో, ఒలిచింది ఎక్కడ దాచాలో చెప్పే పటం మట్టమ్మ గీయాలి. ఆ పటాన్ని చూడటానికి బయటినుంచి ఒక పరీక్షకుడు వస్తాడు. తనకు తోచిన పదిచోట్ల గుంతలు తవ్విస్తాడు. ఎనిమిదిచోట్ల నేలా పటమూ ఒకే మాట చెబితే పటం నెగ్గినట్టు, మట్టమ్మకు సర్వేయరు ఉద్యోగం ఖాయమైనట్టు. లేదంటే మళ్లీ కిటికీ లేని గది, మళ్లీ జల్లెడ.

ఇక మొగుడి సంగతి. ఆయన అదే గనిలో రక్షణ అధికారి. నోరు తెరిస్తే "జాగ్రత్త" అంటాడు కాబట్టి జనం ఆయనకు జాగ్రత్తయ్య అని పేరు పెట్టారు. మనిషి మంచివాడే, కాదనకూడదు. కానీ ఇంట్లో అటక ఎక్కాలంటే స్టూలు పట్టుకోవడానికి రెండో మనిషి ఉండాలి. మెట్ల దగ్గర "కమ్మీ పట్టుకుని దిగవలెను" అని అట్ట వేలాడుతుంది. ఉన్నవి నాలుగే మెట్లు! ఆయన తల్లి, అంటే మట్టమ్మ అత్తగారు, ఆ అట్ట చూసినప్పుడల్లా అనేది: "వీడు పుట్టేటప్పుడే తల బయటపెట్టడానికి భయపడి పద్దెనిమిది గంటలు ఆలోచించాడు. అప్పుడే నాకు అర్థమైంది."

గనిలో తెల్లరాతి దుమ్ము, దానిమీద ఎండ. కళ్లు పోతాయని జాగ్రత్తయ్య కిందటేడు పన్నెండు డజన్ల తేనె రంగు కళ్లజోళ్లు తెప్పించాడు. పాత తెల్ల అద్దాలు గీతలు పడ్డాయని అన్నింటినీ వరసగా పేర్చి, తన కళ్లముందే రోడ్డు రోలరుతో తొక్కించాడు. గేటు దాటి లోపలికి వచ్చినవాడెవడైనా సరే, మళ్లీ గేటు దాటేదాకా కళ్లజోడు తీయకూడదు. తీస్తే చీటీ. మూడు చీటీలైతే నెల్లాళ్లు గనిలో అడుగుపెట్టనివ్వరు. ఏడాదిగా ఒక్క కంటికీ దెబ్బ తగల్లేదని కంపెనీవాళ్లు ఆయనకొక షీల్డు ఇచ్చారు. అది ఇంట్లో ముందుగదిలో, పడిపోకుండా రెండు మేకులకు వేలాడుతోంది.

సర్వే మొదలైన రోజున మట్టమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మట్టి బెడ్డను రంగుల పుస్తకం పక్కన పెట్టి చూస్తోంది. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో జాగ్రత్తయ్య ఊడిపడ్డాడు. చీటీల పుస్తకం తీశాడు.

"ఏవండీ, నేనండీ!" అంది మట్టమ్మ.

"తెలుసు. పేరు రాశాను," అన్నాడు ఆయన.

"రంగు చూడాలంటే కళ్లజోడు అడ్డం కదండీ."

"మట్టి మట్టి రంగులో ఉంటుంది. అందులో చూడటానికేముంది?"

పక్కనే బర్మా పట్టుకుని నిలబడ్డ బాబాయి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. బాబాయి ఇరవై ఏళ్లుగా ఈ గని నేలకు చిల్లులు పెడుతున్నవాడు. మట్టమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది కాబట్టి ఆయన జాగ్రత్తయ్యను ఎదురుగా సార్ అనీ, వెనక అల్లుడుగారు అనీ అంటాడు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవే అయింది. సొంత పెళ్లానికి చీటీ రాసిన మగవాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడని మట్టమ్మ అంది. పెళ్లాన్ని వదిలేస్తే రేపు డ్రైవర్లు తన మొహాన ఉమ్మేస్తారని ఆయన అన్నాడు. మూడోనాడు రెండో చీటీ పడింది. దాంతో మట్టమ్మకు ప్రాణం విసిగిపోయింది. ఇంకొక్కటి పడితే సర్వే అటకెక్కుతుంది. రోజూ ఈ రభస ఎవడు పడతాడు? అప్పుడామె ఒక లెక్క వేసుకుంది. మట్టిని చూసేదీ ఈ అద్దంలోంచే, పుస్తకంలోని రంగును చూసేదీ ఈ అద్దంలోంచే. రెండూ ఒకేలా మారితే రెండూ ఒకేలా కలుస్తాయి కదా! మట్టి తెలియనివాడికి ఇలాంటి ఆలోచన రాదు, మట్టి బాగా తెలిసినవాడు దీన్ని నమ్మడు. మట్టమ్మ ఆ రెంటికీ మధ్యన ఉంది, నమ్మింది.

అలా తేనె రంగు అద్దాలతోనే నూటిరవై రంధ్రాలు పూర్తిచేసింది. వంద మీటర్లకొకటి, మీటరుంబావు లోతు. బాబాయి బర్మా తిప్పి పైకి లాగేవాడు, ఆమె ఒక్కో రంధ్రానికి అయిదు పొరల మట్టి తీసి, రంగు రాసుకుని, గళ్ల పెట్టెలో పిడికెడేసి పోసి దాచేది. తడిపి వేళ్లమధ్య నొక్కితే రిబ్బనులా ఎంత పొడుగు సాగుతుందో చూసి, బంకమట్టి ఎంతుందో చెప్పేది. అందులో ఆమెకు తిరుగులేదు. పటం ముచ్చటగా వచ్చింది. గుట్ట వాలంతా ఎర్రటి గరుసు నేల, రోడ్డుపక్క చదునంతా లోతైన, నీరు ఇంకే గోధుమరంగు నేల. మేనేజరు ఆ చదును చూసి పొంగిపోయాడు. కుప్ప పోయడానికి ఆయన మనసు మొదటినుంచీ దానిమీదే ఉంది. రోడ్డుకు దగ్గర, లారీలకు సుఖం. పటానికి ఫ్రేము కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నాడు.

పరీక్షకుడు గురువారం వస్తాడనగా, సోమవారం మధ్యాహ్నం మట్టమ్మ ఎందుకైనా మంచిదని చదునులో ఒక గుంత తవ్వించి లోపలికి దిగింది. చెమటకు కళ్లజోడు మసకబారింది. చుట్టూ చూసి, తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ అలవాటుగా గుంత గోడవైపు చూసింది. రెండు జానల కింద నుంచి గోడంతా బూడిదరంగు మచ్చలు, మధ్యమధ్య తుప్పు చారలు. కళ్లజోడు పెట్టుకుంది. అంతా చక్కటి గోధుమరంగు. తీసింది. మచ్చలు. పెట్టింది. లేవు.

"ఏంటమ్మా, కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడు బాబాయి పైనుంచి.

"బాబాయ్, ఒక్కసారి మీరు కూడా తీసి చూడండి."

బాబాయి ముందు నాలుగు దిక్కులూ చూశాడు. "అల్లుడుగారు లేరు కదా?" అని రూఢి చేసుకుని తీశాడు. "ఓరి నాయనో" అని మళ్లీ పెట్టేసుకున్నాడు.

బూడిద మచ్చలంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. వానాకాలంలో నెలల తరబడి అక్కడ నీళ్లు నిలుస్తాయని అర్థం. అలాంటి నేల మీద పైమట్టి కుప్ప పోస్తే అడుగంతా కుళ్లి పులిసిపోతుంది. పదిహేనేళ్ల తరవాత తీసిచూస్తే అది మట్టి కాదు, మట్టి శవం. వచ్చే సోమవారానికే బుల్‌డోజర్లు దిగుతున్నాయి. మట్టమ్మ గుంతలోనే చతికిలబడింది. రంగుల పుస్తకం మొదటి పేజీలోనే ఉంటుంది: ఎండలో, మామూలు కళ్లతో చూడవలెను. అది ఆమె చదువుకునే రోజుల్లోనే కంఠతా పట్టిన ముక్క. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఏడుపొచ్చింది, కానీ కళ్లజోడులోపల ఏడవటం కూడా కష్టమే.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర సంగతంతా చెప్పింది. జాగ్రత్తయ్య ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అత్తగారు మాత్రం ఠక్కున అందుకుంది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందిట. నువ్వు మనుషులకి జోళ్లు తొడిగి మరీ కామెర్లు తెప్పించావు కదరా!"

"అమ్మా, కళ్లు కాపాడటం నా బాధ్యత."

"కాపాడావులే. కళ్లున్నాయి, చూపు లేదు."

"రేపూ ఎల్లుండీ నాకు కళ్లజోడు లేకుండా వదిలేయండి," అంది మట్టమ్మ. "గళ్ల పెట్టెల్లో ఆరువందల మట్టి నమూనాలూ ఉన్నాయి. తడిపి, ఎండలో, మళ్లీ రంగులు చూసుకుంటాను. రెండ్రోజుల్లో అయిపోతుంది."

"మినహాయింపుకి మేనేజరు సంతకం కావాలి."

"ఆయన ఊళ్లో లేడు కదండీ. గురువారం ఆ పరీక్షకుణ్ణి వెంటబెట్టుకునే వస్తాడు."

"అదే కదా నేనూ అనేది."

"పోనీ పెట్టెలు ఇంటికి తెచ్చుకుంటాను."

"గనిలోని మట్టి పిడికెడైనా గేటు దాటకూడదు. దానికీ మేనేజరు సంతకమే."

మట్టమ్మ కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది. "ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో మీరు, చేతిలో చీటీల పుస్తకం. ఏవండీ, తొమ్మిదేళ్లు జల్లెడ పట్టాను. ఇది నా మొదటి పటం. తప్పు పటం మీద నా సంతకం ఉంటే నేను బతికున్నంతకాలం ఆ కుప్ప కింద నేనే కుళ్లుతున్నట్టుంటుంది. మీకది అర్థం కాదు, మీకు మట్టంటే మట్టే."

జాగ్రత్తయ్య మొహం చిన్నబోయింది. కానీ పట్టు వదల్లేదు. నిబంధన రాసినవాడు తను, తన చేత్తో తనే చెరిపితే ఇక గోడలమీది అట్టలన్నీ చిత్తుకాగితాలే. అది ఆయన భయం, నిజమైన భయమే.

అత్తగారు కంచాలు తీస్తూ, "కళ్లజోడు గేటు లోపలే కదూ?" అంది.

"అవును."

"మట్టి గేటు బయటికి రాకూడదు, అంతే కదూ?"

"అంతే."

"అయితే గేటులో కూర్చోండి. మట్టి అటు, కళ్లు ఇటు. ముప్ఫై ఏళ్లు బస్టాండులో టికెట్లిచ్చాను, ఒక్కనాడైనా నేను కిటికీ అవతలికి వెళ్లానా, వాళ్లు ఇవతలికి వచ్చారా? పని ఆగిందా?"

జాగ్రత్తయ్య చాలాసేపు పైకప్పు చూశాడు. లోపల నిబంధనలన్నీ ఒక్కొక్కటే తిరగేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఆఖరికి, "అది... నిబంధనకి విరుద్ధం కాదు," అన్నాడు. మట్టమ్మకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే గని గేటు దగ్గర చూడాలి తమాషా! నేల మీద గేటు కర్ర కింద పసుపుపచ్చ గీత ఒకటి ఉంటుంది. గీతకు ఇవతల కుర్చీలో మట్టమ్మ, ఉత్తకళ్లతో. అవతల స్టూలు మీద గళ్ల పెట్టె, దాని వెనక తేనె రంగు జోడు పెట్టుకుని బాబాయి, చేతిలో నీళ్ల సీసా. కుర్చీ పక్కన అత్తగారు, ఒళ్లో నోటుపుస్తకం. ఈ మొత్తానికీ కాపలాగా జాగ్రత్తయ్య, చేతిలో టేపు. గీతకు బయటే నిలబడ్డాడు, చూడ్డానికి వీలుగా ఉంటుందని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

మట్టమ్మ ముందుకు వంగి మొదటి గడిలోని మట్టి చూడబోయింది.

"ఆగు," అన్నాడు జాగ్రత్తయ్య. టేపు పట్టాడు. "ముక్కు నాలుగు వేళ్లు లోపలుంది."

"ముక్కుకి కూడా కళ్లజోడు పెట్టాలంటారా?"

"ముక్కు వెనకాలే కళ్లొస్తాయి. కుర్చీ వెనక్కి జరుపు."

జరిపింది. చెయ్యి చాచింది. లోపలికి వెళ్లిన చేతికి గ్లవ్ ఉండాలన్నాడు. ఒక చేతికి తొడుక్కుంది. బాబాయి పెట్టె ఎత్తి గీత అంచుదాకా చాచి పట్టుకున్నాడు, అరగంటకు చేతులు పీకేశాయి. ఇంతలో లోపలినుంచి రాళ్లు మోసే డంపరొకటి వచ్చి హారను కొట్టింది. కుర్చీ, స్టూలు, పెట్టె, అత్తగారు, అందరూ పక్కకు జరిగారు. డంపరు వెళ్లింది. మళ్లీ వచ్చి కూర్చున్నారు. రెండు నిమిషాలకు ఇంకొకటి. పదో డంపరు డ్రైవరు కిందికి తొంగిచూసి, "ఏంటి మట్టమ్మా, గేటు దగ్గర జాతకాలు చెబుతున్నావా?" అన్నాడు.

"నీ జాతకం కూడా ఇందులోనే ఉంది, పో నాయనా," అంది అత్తగారు, తలెత్తకుండా రాసుకుంటూ.

ఎండ పైకొచ్చేసరికి పని ఒక దారిన పడింది. బాబాయి నంబరు చెప్పి నీళ్లు చల్లేవాడు, మట్టమ్మ రంగు చెప్పేది, అత్తగారు టికెట్టు కొట్టినంత వేగంగా రాసేది. నాలుగైదు తప్ప వాలు మీది రంధ్రాలన్నీ పాత పటం చెప్పినట్టే ఉన్నాయి. చదును పెట్టెలు మొదలయ్యాయి. "బూడిద." "బూడిద, తుప్పు చారలు." "బూడిద." టేపు పట్టుకున్న జాగ్రత్తయ్య ఆమె భుజం మీదుగా పెట్టెలోకి చూస్తున్నాడు. ముక్కు మళ్లీ రెండువేళ్లు లోపలికి పోయినా కొలవలేదు.

బుధవారం మధ్యాహ్నానికి ఆరువందలూ అయ్యాయి. నూటిరవై రంధ్రాల్లో ముప్ఫైఒకటి తడినేల, అందులో ఇరవైఆరు మేనేజరు మనసుపడ్డ చదునులో. సాయంత్రానికల్లా మట్టమ్మ కొత్త పటం గీసింది. చదునుమీద అడ్డగీతలు కొట్టి "నీరు నిలుచు నేల, కుప్పకు పనికిరాదు" అని రాసింది. కింద సంతకం పెట్టింది.

గురువారం మేనేజరు కారు దిగుతూనే ఆ పటం చూసి నిప్పులు తొక్కాడు. "రెండు వారాల్లో నేల మారిపోయిందా?"

"నేల మారలేదు సార్. నేను సరిగ్గా చూడలేదు. పరీక్షకుడిగారికి ఈ పటమే ఇస్తున్నాను."

"నా వెనక గోడకున్నదో?"

"అది తప్పు సార్."

మేనేజరు పళ్లు నూరాడు గాని పక్కనే పరీక్షకుడున్నాడు. పరీక్షకుడు సన్నగా, కర్రకు చొక్కా తొడిగినట్టుండే మనిషి. మాటలు పొదుపు. జాగ్రత్తయ్య ఆయనకు హెల్మెట్టూ తేనె రంగు కళ్లజోడూ ఇచ్చి, లోపలున్నంతసేపూ తీయనని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అది ఆయన చెయ్యి అలవాటుగా చేసేసిన పని. చేశాక గాని ఏం చేశాడో ఆయనకు తట్టలేదు.

మొదటి అయిదు గుంతలూ వాలు మీద పడ్డాయి. పరీక్షకుడు గోడ గీకాడు, తడిపాడు, నొక్కాడు, చివరికి చిటికెడు నోట్లో వేసుకుని పంటికింద కరకరలాడుతుందేమో చూశాడు. మేనేజరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయిదూ పటంతో సరిపోయాయి. ఆరోది చదునులో. పరీక్షకుడు దిగాడు, చూశాడు, పైకి వచ్చాడు.

"పటంలో బూడిద మచ్చలన్నారు. నాకు గోధుమరంగే కనపడుతోంది. తప్పు."

"సార్, ఒక్కసారి కళ్లజోడు తీసి చూడండి," అంది మట్టమ్మ.

"తీయనని సంతకం పెట్టానమ్మా. కిందటేడు ఒక గనిలో నిమిషంసేపు హెల్మెట్టు తీశానని నన్ను గెంటేశారు. నాకు కనపడిందే రాస్తాను."

"అంతే సార్, అంతే," అన్నాడు మేనేజరు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "మా గనిలో రక్షణ ముందు, తరవాతే ఏదైనా. ఏమంటావు ఆఫీసరూ?"

జాగ్రత్తయ్య తను సంతకం పెట్టించుకున్న కాగితం వైపు చూశాడు. ఏడో గుంత కూడా తప్పయింది. మట్టమ్మ లెక్క చూసుకుంది. ఇంకొక్కటి పోతే అయిపోయినట్టే. కిటికీ లేని గది గుర్తొచ్చింది. ఆ గది సంగతి పోనీ, వచ్చే సోమవారం ఈ చదునులో లారీలు బతికున్న మట్టిని తెచ్చి గుమ్మరిస్తాయి. మొగుడివైపు చూసింది. బతిమాలుతున్న చూపు కాదది, తిడుతున్న చూపు కూడా కాదు. ఇద్దరికీ తెలిసిన నిజమొకటుంది, చెబుతావా చెప్పవా అని అడుగుతున్న చూపు.

పరీక్షకుడు ఎనిమిదో గుంతలో కాలుపెట్టాడు. అప్పుడు జాగ్రత్తయ్య మెడలోని ఈల చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆ ఈల వింటే గనిలో ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. తవ్వే బండి ఆగింది. పరీక్షకుడు ఒంటికాలి మీద ఆగాడు. బాబాయి పార గాల్లో పట్టుకుని ఆగాడు.

"ఏమైంది? ఏం ప్రమాదం?" అన్నాడు మేనేజరు కంగారుగా.

"ఈ కళ్లజోడు," అన్నాడు జాగ్రత్తయ్య. "పనిముట్టు వల్ల పని తప్పుదారి పడితే దాన్ని అక్కడికక్కడే పక్కనపెట్టే అధికారం రక్షణ అధికారికి ఉంది, ఇరవైరెండో నిబంధన. రాళ్లు కొట్టేవాడికి ఇది మంచిదే. మట్టి రంగు చూసేవాడికి ఉన్నది లేదని చెబుతుంది. ఈ పనికి దీన్ని రద్దు చేస్తున్నాను. సార్, మీరు తీసేయండి. కాగితం మీద నేను రాసిస్తాను."

"నీకు మతిపోయిందా? పన్నెండు డజన్లు తెప్పించింది నువ్వే కదయ్యా! షీల్డు పుచ్చుకుంది నువ్వే కదా!"

"అవును సార్. తప్పు కూడా నేనే రాసుకుంటాను. నేను రెండ్రోజులు గేటు బయట ఉత్తకళ్లతో నిలబడి చూశాను. బూడిద మచ్చలున్నాయి. మా ఆవిడ అబద్ధం చెప్పలేదు."

పరీక్షకుడు నింపాదిగా కళ్లజోడు తీశాడు. గుంత గోడకు ఎండ తగులుతోంది. చూశాడు. ఇంకాస్త వంగి చూశాడు. పైకొచ్చి, వెనక్కి నడిచి, ఏడో గుంతలో దిగాడు, తరవాత ఆరో గుంతలో దిగాడు. తిరిగొచ్చి కాగితం మీద రెండు కొట్టివేతలు చేసి మూడు టిక్కులు పెట్టాడు. తొమ్మిదోది సరిపోయింది. పదోదానిలో గరుసు లోతు జానెడు తేడా వచ్చింది, అది నిజంగానే మట్టమ్మ తప్పు.

"తొమ్మిది," అన్నాడు పరీక్షకుడు. "సరే. మరి మొదటి పటంలో ఈ తడినేల ఎందుకు లేదు? అది కూడా రాయాలి నేను."

"నేనండీ," అంది మట్టమ్మ. "కళ్లజోడు తీసి చూడాలని తెలుసు. ఇంట్లో గొడవెందుకని తీయలేదు. తెలిసి చేసిన తప్పది."

"కాదు సార్, చీటీలు రాసింది నేను," అన్నాడు జాగ్రత్తయ్య.

"చీటీ రాస్తే భయపడింది నేను కదండీ. మీరు ఊరుకోండి."

"నువ్వూరుకో. భయపెట్టింది నేను."

"ఇద్దరి పేర్లూ రాసేయండి సార్," అన్నాడు బాబాయి. "లేకపోతే ఇంటికెళ్లి దీనికి కూడా పోట్లాడుకుంటారు."

పరీక్షకుడు మొట్టమొదటిసారి నవ్వాడు. ఇద్దరి పేర్లూ రాశాడు. పటం కింద మాత్రం మట్టమ్మ పేరొక్కటే ఉంచి, పక్కన తన సంతకం పెట్టాడు. మేనేజరు సెల్‌ఫోను తీసి, కుప్పకు వేరే చోటు చూడమని ఎవరినో అకారణంగా కేకలేస్తూ కారువైపు వెళ్లాడు.

మట్టమ్మ ఎనిమిదో గుంతలో దిగి పుస్తకమూ పారా సర్దుకుంటోంది. ఎదురుగా మట్టి రాలిన చప్పుడైంది. జాగ్రత్తయ్య గుంతలోకి దిగుతున్నాడు, ఉత్తకళ్లతో. దిగి, గోడముందు గొంతుకూర్చున్నాడు.

"ఎనిమిదేళ్లుగా ఈ నేల మీద తిరుగుతున్నాను," అన్నాడు. "ఇది ఇన్ని రంగుల్లో ఉంటుందని నాకు తెలీదు."

"చెబుతూనే ఉన్నాను కదండీ, రోజూ భోజనాల దగ్గర."

"అవును. నేనే వినలేదు. ఇప్పుడు చూపించు."

ఆమె పుస్తకం తెరిచి, చిటికెడు మట్టి తడిపి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు చూసి ఒక గడి మీద వేలు పెట్టాడు.

"కాదు, మళ్లీ చూడండి," అంది.

మళ్లీ చూశాడు. ఇంకో గడి మీద వేలు పెట్టాడు. ఈసారి సరిపోయింది. మట్టమ్మకు తెలియకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోబోతే చేతులనిండా మట్టి.

"ఇంకా ఎంతసేపు? బండి వెళ్లిపోవాలి!" అని కారు దగ్గరనుంచి మేనేజరు అరిచాడు.

జాగ్రత్తయ్య తల ఎత్తలేదు. "ఆగండి సార్," అన్నాడు, "ఇంకా మూడు పొరలున్నాయి."